గుమ్మి వెనుక వాసన

నిన్న సిద్దిపేటల మా పాత ఇల్లు ఖాళీ చేసినం. వెనుక అర్రల వడ్లు పోసే గుమ్మిని జరిపిన్రో లేదో, చచ్చిన ఎలుక కంపు గుప్పుమని కొట్టింది.

మా ఈడోళ్లందరికీ యాదికుంటది గీ వాసన. ఆ అర్ర పక్కకే మేం తానం చేసే జాలారు. నీళ్లు పోయే బొక్కల నుంచి జెర్రి తల బయటవెట్టేది. పాకురు వట్టిన బండ మీద మునివేళ్లతోని నిలవడి, ముక్కు మూసుకొని నాలుగు చెంబులు గుమ్మరిచ్చుకొని ఉరికొచ్చేదాన్ని. "గీ ఇంట్ల నేనుండ" అని రోజూ ఏడ్చేదాన్ని. "ఏమైతది బిడ్డా, నీళ్లు వేడిగున్నయి గద" అనేది నన్ను కన్న అవ్వ.

నిన్న సామాన్లు మోసేటాయన మూతికి తువ్వాల కట్టుకొని, "థూ! గీ కంపుల ఎట్ల బతికిన్రక్కా?" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. "మా ఇల్లు మా ఇష్టం, నీకేంది?" అని ఒర్రిన. గప్పటిదాంక నేను గూడ కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకొనే ఉన్న.

గడప మీద కూసున్న అవ్వ, "ఆయన్నెందుకు తిడ్తవ్? నిజమే అన్నడు. నేను ఈ ఇంటికి కోడలిగ వచ్చిన నాడే జాలార్ల కక్కిన" అన్నది.

"మరి ఒక్కనాడన్న చెప్పలేదేందే?"

"నాకు గూడ రోతనే అంటె, మీరు ఈ ఇంట్ల అన్నం తిందురా?"

అవ్వ లేసి ఆటో ఎక్కింది. ఒక్కసారి గూడ వెనక్కి తిరిగి సూడలే. తాళం ఏసుకుంట ఏడ్చింది నేను.