మామ్మగారి పెరట్లో పక్షిపువ్వు

నా చిన్నప్పుడు, తూర్పున యుద్ధం జరుగుతున్న ఆ డిసెంబరులో, రేపల్లెలో మా వీధి వీధంతా రెండింటి కోసం ఎదురుచూసింది. ఒకటి పక్కింటి మామ్మగారి అబ్బాయి దగ్గర్నుంచి రావలసిన ఉత్తరం, రెండోది ఆవిడ పెరట్లో పూయవలసిన పువ్వు.

వాళ్ళబ్బాయి సైన్యంలో ఉండేవాడు. నాలుగేళ్ళ కిందట నీలగిరి కొండల్లోని కూనూరు నుంచి సెలవుకి వస్తూ, డబ్బాలో మట్టితో సహా ఒక పిలక తెచ్చి బావి పక్కన నాటాడు. ఆకులు చిన్న అరటాకుల్లా ఉండేవి. పూత లేదు, కాయ లేదు. గొడ్డరటి అని ఆడవాళ్ళు నవ్వేవారు. మామ్మగారు మాత్రం రోజూ బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోసేవారు. ఆ చలికాలం పొడవాటి కాడ లేచి, చివర కొంగముక్కులాంటి పచ్చటి మొగ్గ అడ్డంగా తిరిగింది. ఒక ఉదయం ఆ ముక్కు మీద నారింజరంగు రేకులు నిక్కి నిలబడ్డాయి, మధ్యలో నీలం నాలుక. అచ్చం పక్షి తలే. అబ్బాయికి ఫోటో పంపాలని మామ్మగారు తెనాలి స్టూడియో ఆయనకి కబురు పెట్టారు. పువ్వు విచ్చింది కాబట్టి ఇక అబ్బాయికేం కాదని మా అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను.

ఫోటో ఆయన మర్నాడు పదిగంటల రైలుకి వస్తానన్నాడు. ఆ ఉదయం మామ్మగారు ఉత్తరమేమైనా వచ్చిందేమో చూడడానికి పోస్టాఫీసుకి వెళుతూ, మేకలు రాకుండా చూడమని నన్ను పెరట్లో కూర్చోబెట్టారు. ముట్టుకోవద్దని చెప్పే వెళ్ళారు. నాకప్పుడు పదేళ్ళు. ఆ నీలం నాలుక మెత్తగా ఉంటుందో, గట్టిగా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. వేలితో వంచాను. పుటుక్కున విరిగింది. సర్దబోతే రేకులు కూడా చేతిలోకి వచ్చేశాయి.

మేక తినేసిందని చెబితే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ మా అమ్మ అన్న మాట గుండెలో కొట్టుకుంటోంది. మేక మీద పెట్టేస్తే, నాకు తెలియవలసిన సంగతి ఎవరిని అడగను? ఎవరింట్లోనో రేడియోలో యుద్ధం వార్తలు చదువుతున్నారు.

మామ్మగారు వట్టి చేతులతో తిరిగి వచ్చారు. నేను గుప్పిట విప్పి చూపించాను.

"నేనే విరిచానండి. అన్నయ్యకి ఏమన్నా అవుతుందా?"

ఆవిడ బావి గట్టు మీద కూలబడ్డారు. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

"పువ్వు విరిగితే పువ్వే విరుగుతుందమ్మా. మనిషికీ దానికీ సంబంధం లేదు. చెంబుతో నీళ్ళు తీసుకురా."

ఆ మాట నాకు చెప్పారో, తనకే చెప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు.

ఆ ముక్కులో ఒకటి కాదు, నాలుగైదు పువ్వులు వరుసగా దాగుంటాయని, కూనూరులో తోటమాలి వాటిని చేత్తో పైకి తీస్తాడని అబ్బాయి ఎప్పుడో చెప్పాడట. ఆవిడ స్వయంగా ఎన్నడూ చెయ్యలేదు. ముక్కు చీలితే ఉన్నది కూడా పోతుంది. బొటనవేలు తడిపి ముక్కు పైనున్న సన్నటి సందులోకి దూర్చారు. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. నలిగిన నారింజ మడత ఒకటి జిగురుతో సహా మెల్లగా పైకి జారింది. తడివేలితో ఒక్కొక్క రేకూ విడదీశారు. కాసేపటికి అది నిలబడింది.

ఫోటో ఆయన వచ్చి, పువ్వు వెనక తెల్లటి పంచె పట్టుకోమని నాకు చెప్పాడు. గాలికి కాడ ఊగినప్పుడల్లా ఆగాడు. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత ఫోటోకి రంగులద్దడానికి ఏ రేకు ఏ రంగో పుస్తకంలో రాసుకుని వెళ్ళాడు. జరిగింది మామ్మగారు ఆయనకే కాదు, ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా.

సంక్రాంతి వెళ్ళాక ఉత్తరం వచ్చింది. అబ్బాయి కాలికి గాయమై సైనికుల ఆసుపత్రిలో ఉన్నాడు. ఫోటో అక్కడికే పంపారు. వేసవిలో అన్నయ్య కుంటుతూ వీధిలోకి నడిచి వస్తే, అందరికన్నా ముందు ఏడ్చింది నేనే.

తర్వాత నేను నర్సునై బాపట్లలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఒకసారి ఒక కొత్త నర్సు, ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేశానని వచ్చి చెప్పింది. ఎందుకిచ్చావని అడగలేదు. ఏ మంచం, ఏ మందు అని మాత్రం అడిగి, డాక్టరుగారికి కబురు పంపి, ఆ మంచం దగ్గరికి పరుగెత్తాను. ఆ రోగి బతికాడు. ఆ అమ్మాయి భయపడి దాచి ఉంటే బతికేవాడు కాదు. తప్పు చేశానని ఎవరైనా వచ్చి చెబితే, నాకు ఎంత కోపమున్నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది.