అలిసిన చేతికి తేలికైన కర్ర

“బరువుందా మే?”

“బరువే.”

“పొద్దున్నేనే?” అని నవ్వాడు. “సరేలే, ఈ పూటకి పోను.”

నాకూ మా ఆయన దేవదానానికీ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆయన పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. గాలం కర్ర ఒడిలో పెట్టుకుని వసారాలో కూర్చున్న మనిషి, నేను పెరట్లో గుడ్డలు ఆరేసి వచ్చేసరికి గోడకు తల ఆనించి ఉన్నాడు. నిద్ర అనుకున్నాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టి రెండుసార్లు పిలిచాను కూడా.

“వదినా, ప్రభువునందు నిద్రించెను అని మొదలుపెడదామా?” అని అడిగింది మా ఆడబిడ్డ సుగుణ. ఆ మాట కూడా వేసుకోమన్నాను. నాకు చదువు సంతకం వరకే వచ్చు. తను టీచరమ్మ. నేను చెప్తుంటే రాస్తోంది. ఆదివారం ఆదరణ కూడికలో పంచే చిన్న పుస్తకంలో దీన్ని వేస్తారట. ఆయన గురించి ఎవరు ఏం రాసినా, ఒక్క సంగతి మాత్రం నా నోటితోనే చెప్పాలి.

విడవలూరు చుట్టుపక్కల కాలవల్లో గాలం వేసేవాళ్లకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. సముద్రానికీ పెద్ద చెరువులకీ పనికొచ్చే లావుపాటి కర్రలు ఆయన ఎన్నడూ చేయలేదు. మోకాటి లోతు పంటకాలవలో పరిగ చేపలకూ జిలేబీ చేపలకూ తగిన సన్న కర్రలే చేశాడు. వెదురును సెగ మీద పెట్టి వంకర తీసేవాడు. గాజు పెంకుతో గీకి గీకి ఆముదం పట్టించేవాడు. ఎర గుచ్చేవాడు కాదు. ముల్లుకు కోడి ఈక ముక్క దారంతో కట్టి, పురుగు వాలినట్టు నీళ్ల మీద వాల్చేవాడు. కర్ర ఏమాత్రం బరువైనా చెయ్యి తడబడుతుంది, ఈక దబ్బున పడుతుంది, పరిగ పారిపోతుంది. గాలి ఉన్నా అంతే. అందుకని సముద్రం గాలి తిరిగేలోపు, పొద్దున్నే పోయి వచ్చేవాడు.

కర్ర కుదిరిందో లేదో చెప్పవలసింది నేను. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నాట్లు వేసి వచ్చి చతికిలబడితే, నా చేతికి కర్ర ఇచ్చి కళ్లు మూసుకోమన్నాడు.

“చెయ్యి పీకతాంటే నీ కర్ర ఒకటా?” అని విసుక్కున్నాను.

“అట్టాంటి చెయ్యే కావాల. అలిసిన చేతికి తేలిగ్గా ఉంటేనే అది తేలిక.”

అప్పటి నుంచి ప్రతి కర్రా సాయంత్రం, నా పనంతా అయ్యాకే నా చేతిలోకి వచ్చేది. బరువంటే మారు మాట్లాడేవాడు కాదు. ఆ నిమిషమే తీసుకెళ్లి చిక్కుడు పందిట్లో గుచ్చేసేవాడు. మేమిద్దరం మాట్లాడుకోని రోజులు లేకపోలేదు. ఆ రోజుల్లో కూడా కర్ర మాత్రం నా ముందుకు చాపేవాడు. నేను మొహం తిప్పుకునే పట్టుకుని, ఉన్నదేదో చెప్పేదాన్ని.

ఒకసారి కావలి నుంచి ఒక మెకానిక్ బండి మీద వచ్చి పొద్దుగూకేదాకా కాచుకున్నాడు. నేను బరువన్నాను. ఆయన పందిట్లోకి నడుస్తుంటే మెకానిక్ వెంటపడ్డాడు. “బంగారంలాగుండాది, నాకియ్యన్నా. బరువైతే మోసేది నేనే గదా!”

“నువ్వు మోస్తావబ్బా. పావుగంటకి నీ మణికట్టు నన్ను తిడతాది. ఆ తిట్లు నేను పడలేను.”

మెకానిక్ నా వైపు తిరిగాడు. “అక్కా, ఒక్క మాట మార్చకూడదా?”

“మారిస్తే రేపట్నుంచి నా చెయ్యిని ఎవరు నమ్మతారు?” అన్నాను. ఆ రోజు అంత గొప్పగా అన్నాను.

నిరుడు ఆయన కుడి చెయ్యి సగం చచ్చుబడింది. ఆ చేతితోనే గాలం వేస్తానని, అందుకు తగిన కర్ర కోసం ఎడమ చేత్తో గీకడం మొదలుపెట్టాడు. నాలుగు కర్రలు పందిట్లోకి పోయాయి. ఐదోది గీకుతున్న రోజుల్లో కాలవ గట్టు మీద కాలు జారింది. నలభై ఏళ్లుగా జోడీగా వేటకు పోయే శీనయ్యన్న భుజాన వేసుకుని తెచ్చాడు. ఒళ్లంతా బురద.

“ఏం కాలా. నాచు జారింది, అంతే,” అని నవ్వుతాడు.

నేను నవ్వలేదు. ఇంక నీళ్ల దగ్గరికి పోవద్దని ఏడ్చి చెప్పాను. “ఈ కర్ర ఒక్కటి కుదరనీ, గట్టు మీద కూర్చునే వేస్తా,” అన్నాడు.

వారానికి కుదిరింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆగలేకపోయాడు. పొద్దున్నే చొక్కా వేసుకుని, ఈకల డబ్బీ జేబులో పెట్టుకుని, కర్ర నా చేతికిచ్చాడు. కళ్లు మూసుకున్నాను. చేతిలో కర్ర ఉందా లేదా అని వేళ్లు నొక్కి చూసుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లలో అంత తేలికైనది పట్టి ఎరగను. మూసిన కళ్లలో ఆయన కాలవలో బోర్లా పడి కనిపించాడు. బరువే అన్నాను.

చావుకొచ్చినవాళ్లంతా ఆఖరి మాట ఏమిటని అడిగారు. చెప్పాను. అబద్ధమని మాత్రం చెప్పలేదు. చెయ్యితోపాటు పనితనమూ పోయింది పాపం అని మూడో రోజుకే ఊరంతా అనుకుంటోంది. నిన్న సుగుణ ఆ కర్రను కూడికలో ఫొటో పక్కన పెడదామంటే శీనయ్యన్న ఒప్పుకోలేదు.

“వొద్దు సుగుణమ్మా. చెల్లెమ్మ బరువన్న కర్రని వాడు వసారాలో కూడా ఉంచడు. పందిట్లో గుచ్చేస్తా. వాడి పద్ధతి వాడికి దక్కాల,” అని కర్ర తీసుకుని పెరట్లోకి నడిచాడు. నేను అడ్డం పడ్డాను.

“ఎందుకమ్మా?”

“ఇయ్యాళ ఒక్క రోజు ఆగన్నా,” అన్నాను.

ఇప్పుడు చెప్తున్నాను. ఆ కర్ర తేలిక. ఆయన చేసినవాటన్నిటిలోకీ తేలిక. సగం చచ్చిన చేతి కోసం ఎడమ చేత్తో చేసిన ఆ పనిలో లోపం లేదు. లోపం నా మాటలో ఉంది. భార్య దగ్గర, ఇంట్లో, సుఖంగా పోయాడని అందరూ నన్ను ఓదారుస్తున్నారు. ఆ పొద్దున గాలి లేదు. కాలవ నీళ్లు కదలకుండా ఉండి ఉంటాయి.

నేను బరువన్న కర్రను ఆయన ఎన్నడూ ఒడిలో పెట్టుకుని కూర్చోలేదు. ఆ రోజు పందిరి వైపు చూడనైనా లేదు. తెల్లారి లేచిన చేతికి బరువేమిటని నవ్వి, చొక్కా విప్పకుండానే కూర్చుండిపోయాడు. తెలిసే నా కోసం ఆగాడేమో. అడగడానికి మనిషి లేడు. సాయంత్రమైతే పని ముగించి వసారాలోకి వస్తున్నాను. నా చేతిలో కర్ర పెట్టేవాళ్లు లేరు.

సుగుణా, ఎందుకు ఆపేశావు? రాయి. నన్ను తర్వాత తిట్టుకుందువుగానీ. రాశావా? శీనయ్యన్న కర్ర కోసం వచ్చి వసారాలో కూర్చున్నాడు. మొదట్నుంచి వద్దులే, ‘ఆ కర్ర తేలిక’ అన్నచోటు నుంచి, ఆయనకు వినబడేట్టు పైకి చదివి వినిపించమ్మా.