రణపాల మొగ్గలో గాలిబుడగ

ఆ రోజుల్లో సైన్సంటే తెల్లకోటు వేసుకుని, కళ్లు చిట్లించి, కొంచెం కోపంగా ఉండడమేనని నాకు గట్టి నమ్మకం. (కోటు అమ్మ కుట్టించింది, కోపం నా సొంతం.) బిలాస్‌పూర్‌లో ఎమ్మెస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది రైల్వే క్వార్టర్. నాన్న గూడ్సు బళ్లకి లోకో పైలట్. మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, పెళ్లయి శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా ఆ యాసలో ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోని మనిషి. పెరట్లో పాత రంగు డబ్బాల్లో రణపాల పెంచేది. కాలనీలో ఎవరికి కిడ్నీలో రాళ్లని తెలిసినా నాలుగాకులు పట్టుకుని బయల్దేరేది. నీళ్లు నింపినట్టు మందంగా ఉండే ఆ ఆకుల మొక్కే నా ప్రాజెక్టు. దాని మొగ్గలో ఆడకణం ఎలా తయారవుతుందో మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీయాలి.

వినడానికి తేలిక. చలికాలంలో మొగ్గలు కోసి, మందునీళ్లలో నానబెట్టి, మైనంలో పోతపోసి దాచాను. ఆ మైనం దిమ్మల్ని మైక్రోటోమ్ అనే కత్తి మిషను మీద ఉల్లిపొర కంటే పల్చగా కోస్తే రిబ్బన్లు వస్తాయి. ఫ్యానేస్తే రిబ్బను ఎగిరిపోతుంది, ఆపితే బిలాస్‌పూర్ ఎండకి మైనం మెత్తబడుతుంది. ఒకసారి తుమ్మాను. మూడు రోజుల పని వెళ్లి గోడమీది క్యాలెండరుకి అతుక్కుంది. ఇంతా చేసి నేను వెతుకుతున్నది ఒక్క క్షణం. మొగ్గలోపల, గింజ కాబోయే చోట, ఒక కణం నాలుగవుతుంది. నాలుగూ వరసగా నిలబడతాయి. వాటిలో మూడు చనిపోతాయి. అన్నిటికన్నా లోపలున్న ఒక్కటే మిగిలి, పెరిగి, ఆడకణానికి ఇల్లవుతుంది. ఆ నాలుగూ ఒకే వరసలో కనబడాలి నాకు.

ఒక మధ్యాహ్నం గుండ్రంగా, మెరుస్తూ ఏదో కనబడింది. ఆ మిగిలిన కణం ఇదేననుకున్నాను. ఆగలేక నాన్నకి ఫోన్ చేసేశాను. సాయంత్రానికి మా వరస క్వార్టర్లన్నిటికీ జిలేబీ అందింది. పక్కింటావిడ "అచ్ఛా, బచ్చా హువా? పాపాయి ఎవరికి?" అని అడిగిందట. "పువ్వుకి" అన్నాట్ట నాన్న, ఏమాత్రం తడుముకోకుండా.

మర్నాడు మా ప్రాజెక్టు గైడు మేడమ్ వచ్చి ఒక్కసారి చూసి, మరను కాస్త తిప్పి, చాలా మెత్తగా అంది. "బేటా, యే తో హవా హై."

గాలిబుడగ! కాలనీ మొత్తం గాలిబుడగకి జిలేబీ తింది.

వారంపాటు ఎవరి మొహమూ చూడలేదు. రైల్వే పరీక్ష దరఖాస్తు తెచ్చుకుని, చదువు మానేస్తానని నాన్న ముందు కూర్చున్నాను. ఆయన డ్యూటీ బూట్లు విప్పుతూ అన్నాడు. "ఎర్ర సిగ్నల్ పడితే బండాపుకుని నిలబడతాం గానీ, దిగిపోయి ఇంటికెలిపోం గదమ్మా!"

పూతకాలం అయిపోయింది. ఒక్క దిమ్మ మిగిలింది, పది రోజుల గడువు మిగిలింది. ఊపిరి బిగబట్టి కోశాను, రంగువేశాను. ఆ స్లైడు ఆరిన రోజే మామ్మని కంటి ఆపరేషను తర్వాత చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లిన నాన్న, దారేకదాని ఆవిణ్ణి మా ల్యాబుకి తీసుకొచ్చాడు. నల్లకళ్లద్దాలతో మామ్మ స్టూలు మీద కూర్చునుండగా నేను ఒక్కో ముక్కా వెతుకుతున్నాను. వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయాను.

నాలుగు. వరసగా. మూడు నల్లగా ముడుచుకుపోయి, నాలుగోది నిండుగా, నిబ్బరంగా. ఈసారి ముందు మేడమ్‌ని పిలిచాను. ఆవిడ చాలాసేపు చూసి, నా భుజంమీద చెయ్యివేసింది.

"ఏటే గుంటా, నన్నూ సూడనీ" అంది మామ్మ. కళ్లద్దాలు తీసి వంగింది.

"మూడు పోనాయేటే?"

"పోతాయి మామ్మా. ఆ ఒక్కటే మిగుల్తుంది."

కళ్లెత్తకుండానే అడిగింది. "ఆకు పారేస్తే సాలు, మొక్కొచ్చెస్తాది గదా దీనికి. మరి ఇంత కష్టమెందుకూ?"

ఏడాదిగా ఆ మొక్కమీద కూర్చున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. దాన్ని మేడమ్‌కి హిందీలో చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, మామ్మతోనే చెప్పింది. ఆకునుంచి వచ్చేది పాత మొక్కే అమ్మా, మళ్లీ మళ్లీ అదే. ఇక్కణ్ణుంచి వచ్చేది మాత్రం ఇదివరకెప్పుడూ లేనిది.

నేను తెలుగు చేసి చెప్పాను. మామ్మ స్టూలు దిగి, చెప్పులు పక్కకి విడిచి, మైక్రోస్కోపుకి దణ్ణం పెట్టింది. నాన్న నవ్వబోయి, తనూ బూట్లు విప్పాడు.

నేను పెద్ద శాస్త్రవేత్తనేమీ కాలేదు. బిలాస్‌పూర్ పక్కనే ఉస్లాపూర్‌లో స్కూలు పిల్లలకి పాఠం చెప్పుకుంటున్నాను. మొన్న అటక సర్దుతుంటే ఆ ప్రాజెక్టు పుస్తకం దొరికింది. నాలుగు కణాల బొమ్మ, దానికింద, ఎన్ని రెట్లు పెద్దదిగా గీశామో స్కేలు రాయాల్సిన చోట, నా వంకర తెలుగు అక్షరాల్లో "అబ్బ!" అని. పక్కన మేడమ్ ఎర్రసిరా ప్రశ్నార్థకం. ఇదేమిటని ఆవిడ అడిగితే, ఎంత గంభీరంగా మొహం పెట్టానో ఇప్పటికీ గుర్తే. "స్కేలు, మేడమ్. తెలుగులో కొలత" అన్నాను. అబద్ధమాడానని అప్పుడు సిగ్గుపడ్డాను గాని, ఇప్పుడు చూస్తే ఆ పిల్ల సరిగ్గానే కొలిచిందనిపిస్తోంది.