నాయిన గురించి అడిగితే

ఇయ్యాల మా ఇల్లందు దవాఖానాకు ఒక కార్మికుడు వచ్చిండు. బొగ్గుబాయిల దిగాలంటే భయమైతున్నదట. నేను కౌన్సిలర్ని. భయాల మూలం చిన్నతనంలనే ఉంటదని చదువుకున్న.

"చిన్నప్పుడు మీ నాయిన ఎట్లుండేటోడు అన్నా?" అని అడిగిన.

ఆయన సంచిలకెల్లి కాయితాలు తీసి బల్ల మీద పెట్టిండు. వాళ్ల నాయిన బాయి పనికి పనికిరాడని అన్‌ఫిట్ రాసినంక, కొడుకని ఆ కొలువు ఈయనకొచ్చిందట. నాకు చిరాకు లేచింది. కొడుక్కి కొలువు కోసం అన్‌ఫిట్ రాయమని రోజుకొకరు వస్తనే ఉంటరు. నా రిపోర్టుల అట్ల రాయనని అరగంట వాదించిన.

చివరికి ఆయన మెల్లగ అన్నడు: "ఫిట్ అని రాయుండ్రి సార్. లేకుంటే నా లెక్కనే నా కొడుకు బాయిల దిగుతడు."

నేను అడిగిన చిన్నతనం బల్ల మీదనే ఉండె, నేను అన్‌ఫిట్ అడగనీకి తెచ్చిన కాయితాలనుకున్న. ఇంత చదివి ఏం లాభం, మీరే చెప్పండి.