తాళాల మేస్త్రి నడుముకున్న పదిహేడు చెవులు

తాళాల మేస్త్రి సగం బజారుకు దొంగ తాళంచెవులు చేసుకుని నడుముకు కట్టుకు తిరుగుతాడని మా వీధిలో ఒక పుకారు. ముందు దాని సంగతి తేల్చేస్తాను. చెవులున్న మాట నిజమే. పదిహేడు. నేనే లెక్కపెట్టాను. దొంగవి మాత్రం కావు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఎక్కడ అడుగుపెట్టినా, నమస్కారం కన్నా ముందు, "మీ బాత్రూం ఎక్కడండీ?" అంటాడు. పరామర్శకు వెళ్ళిన ఇంట్లోనూ అదే ప్రశ్న. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి దారి చూపించారు.

బట్టల కొట్టాయన ఒకసారి అడ్డుపడ్డాడు. "అది మా పనివాళ్ళకే."

"అలాగా? నాకు పేగుల్లో వాపు, మూత్రాశయంలో మంట. సరే, ఇక్కడే కూర్చుంటాను. ఈ తివాచీ కొత్తదా?"

కొట్టాయన పరుగెత్తి తలుపు తీశాడు. మేస్త్రి లోపలికి వెళ్ళనేలేదు. "మీ బాత్రూం తాళం వదులైంది" అని కొత్తది బిగించి, కూలి వద్దని, ఒక చెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. మందుల షాపులో, ఫోటో స్టూడియోలో, పిండిమరలో కూడా ఇదే తంతు.

నాకు అనుమానం వచ్చింది. పేగుల వాపున్న మనిషి అంత కారం తింటాడా? కిటికీలోంచి ఒకరోజంతా కాపు కాశాను. దుకాణంలోంచి ఒక్కసారి లేచాడు. అదీ ఈగను కొట్టడానికి.

జబ్బు ఆయన భార్యది. ఆవిడ బడిలో బొమ్మలు గీయడం నేర్పే టీచరు. ఎన్నాళ్ళనుంచో పేగుల వాపు, దాని వెనకే మూత్రంలో మంట. నీళ్ళు మానేస్తే పరుగులు తగ్గుతాయనుకుని మానేసింది, మంట ఇంకా పెరిగింది. చివరికి ఇల్లు కదలడమే మానేసింది.

డాక్టరమ్మ నవ్విందట. "పేగులూ మూత్రాశయమూ ఇరుగుపొరుగమ్మా. నరాల దారులు కలుస్తాయి. ఒకరింట్లో గొడవైతే రెండో ఇంట్లో నిద్ర పట్టకపోవచ్చు. మందులు వాడండి, నీళ్ళు మాత్రం మానకండి."

ఇదంతా ఆవిడే తర్వాత నాకు చెప్పింది. ఈలోగా బడినుంచి ఉత్తరం వచ్చింది: సోమవారం రాకపోతే వేరే టీచరును పెట్టుకుంటాం అని.

సోమవారం పొద్దున ఆవిడ గుమ్మం దిగింది. చేతిలో మేస్త్రి నడుముకుండే తాళంచెవుల గుత్తి! కూరల సంచీ వంకతో నేనూ వెనకాలే వెళ్ళాను. బట్టల కొట్టు వెనక తలుపు దగ్గర ఒకసారి ఆగింది. పిండిమర దగ్గర కొత్త పనివాడు, "ఎవరమ్మా నువ్వు? ఇటు రాకూడదు" అని గదమాయించాడు. ఆవిడ గుత్తి వాడి మొహం ముందు గలగలలాడించి, తాళం తీసుకుని లోపలికి పోయింది. బడి గంట కొట్టేసరికి గేటు లోపలుంది, తల ఎత్తుకుని.

జబ్బు ఎవరిదో అప్పుడు నాకర్థమైంది. తిన్నగా మేస్త్రి దుకాణానికి వచ్చి నిలదీశాను. "ఏమయ్యా, జబ్బు ఆవిడదైతే ఊరంతా నీదని చాటుకున్నావేం? సిగ్గనిపించలేదూ?"

మేస్త్రి ఆకురాయి పక్కన పెట్టాడు. "మా ఇంట్లో సిగ్గంతా ఆవిడ వాటాకే పోయింది పిన్నిగారూ, నాకేం మిగల్లేదు. అది సరేగానీ, బడినుంచి వచ్చే దారిలో మీ ఇల్లే ఆఖరు. మీ పెరటి తాళం ఎప్పుడు బాగుచేయమంటారు?"