ఎస్సైగారు వచ్చేలోగా నేను చెప్పిన గంజాయి పాఠం

మైకు చేతికిస్తే ఒక మనిషి ఎంతదాకా చెడిపోగలడో తెలుసుకోవడానికి మీరు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, ఆరేళ్ల కిందటి నా సంగతి వినండి, చాలు. హైస్కూలు నిండా కూర్చున్న జనానికి నేను గంజాయి మీద రైతు సదస్సు పెట్టినంత పని చేశాను. అది నా చిన్న తప్పు. పెద్ద తప్పు ఆ వెంటనే, ఒక్క జవాబులో చేశాను. మొదటిది తలుచుకుని మా ఆయన ఇప్పటికీ పొలమారేదాకా నవ్వుతాడు. రెండోది తలుచుకుంటే నాకు ముద్ద దిగదు.

మాది ఏలూరు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పకుండా కూర్చోవడం మా ఇంట్లో పాపాల జాబితాలో ఉండేది. అలాంటి ఇంట్లో పెరిగి, వ్యవసాయ డిగ్రీలో మెడల్ తెచ్చుకుని, గణపవరం దగ్గర ఒక ఊళ్లో గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా చేరాను. తాడేపల్లిగూడెంలో అద్దెగది, సొంత స్కూటీ, ఇస్త్రీ చీర. రైతు వచ్చి ఆకు పసుపెక్కిందమ్మా అంటే చాలు, మట్టి పుట్టుక దగ్గర మొదలుపెట్టి మేఘాల దాకా వెళ్లేదాన్ని. వాళ్లు మంచివాళ్లు కాబట్టి "ఆయ్, అలాగేనండి" అంటూ అంతా విని, తిన్నగా దుకాణానికి వెళ్లి ఎప్పుడూ కొట్టే మందే కొనుక్కునేవారు.

ఆ ఏడు ఊరి హైస్కూల్లో గంజాయి మీద అవగాహన సభ పెట్టారు. మాట్లాడాల్సింది ఎస్సైగారు. నన్ను పిలిచింది వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉండకూడదని మాత్రమే. పిల్లల ప్రార్థన అయింది, శాలువాలు అయ్యాయి, ఎస్సైగారు మాత్రం అత్తిలి రోడ్డులో ఏదో పనిలో చిక్కుకుపోయారు. హెడ్మాస్టరుగారు గడియారం చూసుకుని, జనాన్ని చూసి, చివరికి నా వైపు వంగారు.

"ఓ పది నిమిషాలు మీరేదైనా చెబుదురూ. మొక్కేగా, మీ సబ్జెక్టేగా."

ఆ 'మొక్కేగా' అన్న మాటే నన్ను ముంచింది. గంజాయి చెడ్డదని చెప్పడానికి సభ పెట్టారన్న సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయింది. మొక్క కుటుంబం, ఆకు తీరు, పూత సమయం, ఆడ మొక్కకీ మగ మొక్కకీ తేడా, అన్నీ వరి గురించి చెప్పినంత ప్రేమగా చెప్పాను. ముందు వరసలో తొమ్మిదో తరగతి పిల్లలు నోట్సు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. నా ఉద్యోగంలో నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకుముందు లేరు. నేను ఇంకా రెచ్చిపోయాను. ఒక చేపల చెరువు ఆసామి లేచి, ఊరికే తెలుసుకుందామనండి, చెరువుగట్ల మీద వస్తుందాండీ అన్నారు. ఉప్పు నేలల్లో కష్టమని చెప్పాను. చెప్పి ఊరుకోవచ్చు కదా. రోజూ అలవాటైన నోరు, దానంతటదే ముందుకు పోయింది.

"అనుమానంగా ఉంటే మట్టి నమూనా తీసుకుని మా ఆఫీసుకు రండి, పరీక్ష ఉచితం."

ఎస్సైగారు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే. హెడ్మాస్టరుగారు శాలువాతో మొహం తుడుచుకున్నారు.

అక్కడితో ఆగినా ఇది నవ్వుకునే కథగానే మిగిలేది. నేను మైకు ఇచ్చేలోగా వెనక వరసలో ఒక పెద్దాయన లేచారు. ముతక పంచె, భుజం మీద మడతపెట్టిన తువ్వాలు. సభలో మాట్లాడే అలవాటు లేనట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మేడంగారండీ, మా చిన్నప్పుడు బైరాగులు తాగేవారు, లేచి వాళ్ల దారిన వాళ్లు పోయేవారు. ఇప్పటిది కుర్రాళ్లని లేవనివ్వట్లేదు. ఆ ఘాటు పెంపకంలో వస్తుందాండీ, విత్తనంలోనే ఉంటుందాండీ?"

ఇంత చక్కటి ప్రశ్న నన్ను మా యూనివర్సిటీలో కూడా ఎవరూ అడగలేదు. నిజానికి దానికి జవాబు అంత తేలిక కాదు. ఎక్కువ భాగం విత్తనానిదే అయినా వెలుగు, వేడి, నేల, పెంచే పద్ధతి తమ వంతు ఎంతో కొంత చేస్తాయి. అది నాకు తెలుసు. కాని అంత పొడుగు జవాబుకి చప్పట్లు రావు.

"విత్తనంలోనే ఉంటుందండీ," అన్నాను. "ఎంత ఎరువు వేయండి, ఎంత శ్రద్ధగా పెంచండి, మొక్క ఏపుగా ఎదుగుతుంది గాని గుణం మారదు. తల్లి మొక్క, తండ్రి మొక్క ఏమిస్తే అదే వస్తుంది."

"అంతేనంటారా?"

"నూటికి నూరు పాళ్లండీ."

ఆయన "మంచిదండి" అని తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్లిపోయారు. బస్సు వేళయిందేమో అనుకున్నాను. ఎస్సైగారు మైకు అందుకుని, మేడంగారు చెప్పినవేవీ ఎవరూ ఇంటి దగ్గర ప్రయత్నించవద్దని మొదలుపెట్టారు. హాలంతా నవ్వింది. మర్నాటికి మండలంలో నా పేరు గంజాయి మేడం. మా పై ఆఫీసరు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగితే నాలుగు పేజీలు రాసి పట్టుకెళ్లాను. ఆయన మొదటి పేజీ సగం చదివి, ఇకమీదట ఇలా జరగదని ఒక్క ముక్క రాసివ్వమ్మా, ఇందులో కూడా సాగు పద్ధతులున్నాయి అన్నారు.

మూడు వారాల తర్వాత స్కూలు మీదుగా వెళ్తుంటే హెడ్మాస్టరుగారు ఆపారు. ఆ పెద్దాయన పేరు పెద్దిరాజు అనీ, కొల్లేటికోటలో చేపల చెరువు దగ్గర కాపలా ఉంటారనీ చెప్పారు. కొడుకు రాంబాబు ఈ స్కూల్లోనే చదివాడట. గంజాయికి అలవాటుపడి, చదువు పోయి, చేసిన పనల్లా పోయి, రెండు నెలలుగా ఏలూరులో డీ-అడిక్షన్ సెంటరులో ఉన్నాడట. తల్లి ఎప్పుడో పోయింది. ప్రతి ఆదివారం తండ్రే క్యారేజీ కట్టుకుని వెళ్లేవారు. పెద్దిరాజుగారికి కాస్త ధైర్యంగా ఉంటుందని సభకి రమ్మన్నది హెడ్మాస్టరుగారే.

"వెళ్లడం మానేశాడమ్మా. ఎందుకని అడిగితే, విత్తనంలో ఉన్నది పెంపకంతో పోదని చదువుకున్నావిడ చెప్పిందిగా అన్నాడు."

హెడ్మాస్టరుగారు నన్ను తప్పుపట్టలేదు. తిట్టినా కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు సెలవు పెట్టి కొల్లేటికోట వెళ్లాను. దారంతా చెరువులే, మధ్యలో స్కూటీ పట్టేంత గట్టు. ఆ దారి పొడవునా నేను ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. ఒకే విత్తనం రెండు పొలాల్లో వేస్తే రెండు రకాలుగా పండుతుందన్న ఉదాహరణతో సహా. ఒక మనిషిని మాటతో పడగొట్టి, మళ్లీ మాటతోనే లేపుదామని బయల్దేరానన్నమాట.

పెద్దిరాజుగారు నన్ను గుర్తుపట్టి, పాకలోంచి కుర్చీ తెచ్చి వేసి, తను గట్టు మీద కూర్చున్నారు.

"బాబాయిగారూ, నేను ఆవేళ చెప్పింది మొక్క గురించండి," అన్నాను.

"నాకు తెలుసమ్మా. నేనూ మొక్క గురించే అడిగాను. నలుగురిలో వాడి గురించి ఎలా అడుగుతాను?"

నా ప్రసంగం సగం అక్కడే పోయింది. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. తన తండ్రి సారా తాగి పోయారట. తనూ ముప్పయ్యేళ్లు వచ్చేదాకా తాగి, భార్య పోయాక మానేశారట. కొడుక్కి ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని రెండేళ్లుగా అదే ఆలోచనట.

"తల్లి మొక్క, తండ్రి మొక్క అన్నారు గదా మీరు. వాళ్లమ్మలో ఏ వంకా లేదమ్మా. ఇక మిగిలింది నేనే. వాణ్ణి చెడగొట్టిందే నేనైనప్పుడు, ఏ మొహం పెట్టుకుని క్యారేజీ పట్టుకెళ్లను?"

ఆయన కొడుకు మీద ఆశ వదులుకున్నారనుకుని వచ్చాను నేను. ఆయన వదులుకున్నది తన మీద. అయినా ఆగక, రెండు పొలాల ఉదాహరణ మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, అది కాలవ నీళ్ల తేడా అమ్మా, విత్తనం ప్రసక్తి కాదు అని సర్దిచెప్పారు. నా మెడల్ సబ్జెక్టులో నన్నే దిద్దారు.

"నాకు తెలియదండీ," అన్నాను. ఆ మాట అంటుంటే మా నాన్న గుర్తొచ్చారు. "మీ అబ్బాయికి అది ఎందుకు పట్టుకుందో నాకు తెలియదు. నేను మనుషుల గురించి ఏమీ చదువుకోలేదు. తెలిసినట్టు మాట్లాడాను."

ఆయన తువ్వాలు తీసి మళ్లీ మడతపెట్టి భుజం మీద వేసుకున్నారు.

"ఆ ముక్క ఆవేళే అనుంటే సరిపోయేదమ్మా. అడిగాను, ఎవరికీ తెలియదంట అనుకుని, ఆదివారం బస్సెక్కేవాణ్ణి."

ఆ వచ్చే ఆదివారం ఆయన వెళ్లారు. నా స్కూటీ మీద తీసుకెళతానంటే, వద్దమ్మా, బస్సే నయం అన్నారు. అందులో నన్ను నమ్మకపోవడం ఎంతో, నా బండిని నమ్మకపోవడం ఎంతో నేను అడగలేదు. రాంబాబు తర్వాత ఇంటికొచ్చాడు, ఒకసారి మళ్లీ జారాడు, మళ్లీ వెళ్లి వచ్చాడు. ఇప్పుడు చేపల మేత తోలే వ్యానుకి డ్రైవరు. ఒకసారి మా ఆఫీసు ముందు కనబడితే పలకరించాను. నాన్న రాని ఆ మూడు ఆదివారాలూ పొద్దున్నే స్నానం చేసి గేటు దగ్గర కూర్చున్నానండి, నేను చచ్చిపోయినా పర్లేదనుకున్నాడేమోనని అనిపించింది అన్నాడు. అలా ఎందుకు జరిగిందో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట నా జీవితంలో అదొక్కటే, అదేమో నిజంగా చెప్పాల్సిన మాట.

అంచేత పాఠకులారా, ఈ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గంజాయి గురించే కాదు, గోంగూర గురించి అడిగినా సరే, అడుగుతున్నది ఎవరు, ఎందుకు అడుగుతున్నారు అన్నది తెలుసుకోకుండా జవాబు చెప్పను. ఈ నియమం ఎంత గట్టిగా పాటిస్తున్నానంటే, నిన్న ఒక పెద్దావిడ వచ్చి, పెరట్లో వంకాయలు చేదెక్కుతున్నాయమ్మా అంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇంట్లో అందరూ బాగున్నారా, కొడుకూ కోడలూ మాట్లాడుతున్నారా, మనసులో ఏదైనా బాధ ఉందా అని అడిగాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అందరం బానే ఉన్నామమ్మా, వంకాయలే బాలేవు," అంది.