ఒంటికన్ను పిల్లి రాసిన రివ్యూ

ఫౌస్తో యుపాన్కికి నలభై ఒకటో ఏడు. లీమా నడిబొడ్డున, ఆటల దుకాణాలతో కిక్కిరిసిన గలేరియాలో, రెండో అంతస్తు మెట్ల పక్కన బల్లంత కొట్టు అతనిది. వీడియో గేముల కంట్రోలర్లు బాగుచేస్తాడు. బటన్ నొక్కిన చప్పుడు వింటే చాలు, లోపల ఏది అరిగిందో చెప్పేస్తాడు. అందుకని అందరూ అతన్ని మాయెస్త్రో, అంటే గురువుగారు, అంటారు. ఆ పిలుపు చెవిన పడని రోజు అతనికి తిన్నది ఒంటబట్టదు.

శనివారం మధ్యాహ్నం ఆ కొట్టు ముందు ఏడెనిమిది మంది చేరతారు. అందరూ ముప్పై దాటినవాళ్ళే. అందరికీ ఒకటే పిచ్చి: గెంతే ఆటలు. మిద్దె మీంచి మిద్దెకి, గోడ మీంచి గోడకి బొమ్మను గెంతించే ఆటలు. కొత్తది ఏది వచ్చినా అక్కడ తీర్పు జరగాల్సిందే. ఎన్ని అమ్ముడుపోయాయన్నది మాత్రం ఫౌస్తోయే చెప్పాలి. ఆన్‌లైన్ దుకాణం అమ్మకాలు బయటపెట్టదు కదా. అందుకని కొన్నవాళ్ళు రాసిన రివ్యూలు లెక్కపెట్టి, ముప్పై అయిదుతో హెచ్చవేస్తాడు. ఆ లెక్క తప్పడం ఎవరూ చూడలేదు. అతను నేర్పిన సూత్రం ఇంకొకటుంది. రివ్యూ పక్కన, రాసినవాడు ఆ ఆట ఎన్ని గంటలు ఆడాడో దుకాణమే చూపిస్తుంది. ముందు గంటలు చూడండి, తర్వాత మాటలు చదవండి అనేవాడు. మాటలు అబద్ధమాడొచ్చు గానీ గంటలు ఆడవు.

ఇంత తెలిసినవాడు కాబట్టే, చేసిన పనికి జాలిపడాలో నవ్వాలో తెలియదు.

ఆ నెల వచ్చిన ఆట పేరు ‘మరుహా మిద్దెలు’. తమాలె అనే మొక్కజొన్న పొట్లాల బుట్ట నెత్తిన పెట్టుకున్న మరుహా అనే ముసలమ్మ, కొండవాలు ఇళ్ళ కప్పుల మీద గెంతుకుంటూ పోయి తన సరుకు అమ్ముకోవాలి. చేసినవాడు విల్దెర్. ఫౌస్తో కూతురికి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి. అంటే ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రె. అంతకంటే ముందు ఒకే వీధిలో, ఒకే అరువు కంప్యూటర్ మీద పెరిగినవాళ్ళు.

ఇరవై ఏళ్ళ వయసులో ఆ ఆట మొదలుపెట్టింది ఇద్దరూ కలిసే. గెంతు ఫౌస్తోది. అతని తల్లి సందు మొగలో మసామోర్రా అనే తియ్యటి జావ అమ్మేది. గరిటె నిండా పోశాక, ఎవరూ అడక్కుండానే ఇంకాస్త కొసరు వేసేది. ఆటలోనూ కొసరు ఉండాలన్నాడు ఫౌస్తో. కాలు అంచు దాటిపోయాక కూడా రెప్పపాటు గెంతనివ్వాలి. సెకనుని అరవై ఫ్రేములు చేస్తే, అందులో ఆరు. అయిదైతే పిసినారితనం, ఏడైతే దుబారా అని రెండు నెలలు పోట్లాడి మరీ ఆరు దగ్గర నిలబెట్టాడు. తర్వాత పెళ్ళయింది, కొట్టు పెట్టాడు, ఈ గెంతులాటలకి కాలం చెల్లిందిరా అని చేతులు దులుపుకున్నాడు. విల్దెర్ దులుపుకోలేదు. పగలు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పుకుంటూ, పద్నాలుగేళ్ళు ఒక్కడే కూర్చుని పూర్తిచేశాడు.

విడుదలకి ముందు వచ్చి అడిగాడు, చివర్లో నీ పేరు వేస్తాను కొంపాద్రె అని. మూడొందలు అమ్ముడుపోయే ఆటకి నా పేరెందుకు, అందులో సగం మీ చుట్టాలే కొంటారు అన్నాడు ఫౌస్తో, అందరి ముందూ.

ఆట విడుదలైన మర్నాడే ఫౌస్తో దాన్ని దొంగచాటుగా కొన్నాడు. ఖాతా పేరు ‘ఒంటికన్ను పిల్లి’. మధ్యాహ్నం బేరాలు లేని వేళ రేకు తలుపు సగం దించి, తప్పులు వెతుకుదామని కూర్చున్నాడు. తప్పులు దొరకలేదు. మొదటి కొండ ఎక్కేసరికే కడుపులో మంట మొదలైంది. మరుహా కాలు అంచు దాటి, ఆ కొసరు మీద తేలి, అవతలి కప్పు అందుకున్నప్పుడల్లా బాగుంది అని మనసు అనేది. వెంటనే, ఇది నాది, వాడు నా దాంతో పేరు తెచ్చుకుంటున్నాడు అనేది. ఆట పూర్తయ్యాక చేసినవాళ్ళ పేర్లు వస్తాయి. విల్దెర్ పేరు చూడలేక, ప్రతిసారీ బటన్ నొక్కి దాటేసేవాడు. మళ్ళీ మొదటినుంచి ఆడేవాడు. ఓర్వలేని మనిషి తిండి మానేస్తాడంటారు గానీ, ఇతను ఆ విస్తరి ముందే కూర్చుని మెక్కాడు.

మూడు వారాలకి రివ్యూలు తొమ్మిది. తన లెక్క ప్రకారం మూడొందల పదిహేను. చెప్పినట్టే అయింది. అయినా ఆనందం లేదు, ఎందుకంటే తొమ్మిదిమందీ మెచ్చుకున్నారు. ఒకడైతే ఈ గెంతు చేసినవాడి చేతులు ముద్దుపెట్టుకోవాలి అని రాశాడు. అది చదివి ఫౌస్తో రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సోమవారం మధ్యాహ్నం ‘నచ్చలేదు’ గుర్తు నొక్కి రాశాడు: “కొనకండి. పాత చింతకాయ పచ్చడి. పైగా ఏడో కొండ మీద కొసరు అయిదే ఉంది, ఆరు ఉండాలి.” రాసి, చాలా రోజుల తర్వాత కడుపునిండా చౌఫా వేపుడన్నం తిన్నాడు.

పది రివ్యూలు చేరేదాకా ఆ దుకాణం ఆటకి మార్కులు వెయ్యదు. మార్కులు లేని ఆటని ఎవరి కళ్ళా పడనివ్వదు. ఈ సంగతి ఊరందరికీ చెప్పింది ఫౌస్తోయే. పదోది తనదే. పదింట తొమ్మిది బాగుందన్నవే కాబట్టి ఆ సాయంత్రమే మంచి మార్కులు పడ్డాయి. ఎక్కడెక్కడివాళ్ళకో కనబడింది. శనివారానికి రివ్యూలు నూట నలభై దాటాయి. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే. అప్పటికే పేరులో ఒక కన్ను పోగొట్టుకున్నవాడు మరి.

ఆ శనివారం విల్దెర్ అందరికీ కోడిమాంసం శాండ్‌విచ్‌లు తెచ్చాడు. బడిపంతులమ్మ సొరాయ్‌దా లెక్క చెప్పమంది. నాలుగువేల తొమ్మిది వందలు అన్నాడు ఫౌస్తో, పంటినొప్పి ఉన్నవాడిలా. బస్సు నడిపే తెయోఫిలో ఈల వేశాడు. మూడొందలన్నారుగా మాయెస్త్రో, మిగతావి కూడా చుట్టాలేనా అని అడిగాడు. అందరూ నవ్వారు. విల్దెర్ మాత్రం నవ్వలేదు.

అప్పుడు సొరాయ్‌దా ఫోన్‌లో రివ్యూలు చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి కళ్ళజోడు సర్దుకుంది.

“ఇదిగో వినండి. ఒంటికన్ను పిల్లి అట. కొనకండి, పాత చింతకాయ పచ్చడి అంటున్నాడు. గంటలు చూడండి ముందు. అరవై ఒకటి.”

తెయోఫిలోకి తింటున్నది గొంతుకి అడ్డంపడింది. నచ్చని పచ్చడి అరవై ఒక్క గంటలు నాకిన పిల్లి ఎక్కడిదే అన్నాడు దగ్గుతూనే. నవ్వి నవ్వి ఒకాయన మెట్ల మీద కూలబడ్డాడు. ఫౌస్తో తేలు కుట్టిన దొంగలా స్క్రూలు ఏరుకుంటున్నాడు.

“మాయెస్త్రో, గంటలు అబద్ధం ఆడవని మీరే కదా చెప్పింది. మీరే తీర్పు చెప్పండి. వీడికి నచ్చినట్టా, నచ్చనట్టా?”

“ఎవడో పనిలేనివాడు. వదిలెయ్యి తల్లీ.”

ఆమె వదల్లేదు. కొసరు సంగతి కూడా చదివింది. ఆ కొసరేమిటో ఎవరికీ అర్థంకాలేదు. విల్దెర్ చేతిలోది కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. నవ్వులు తగ్గేదాకా ఆగాడు.

“వాడు చెప్పింది నిజం. ఏడో కొండ కష్టంగా ఉండాలని ఒకటి తగ్గించాను. సెకనులో అరవయ్యో వంతు. ఇన్ని వేలమంది ఆడారు, ఒక్కడికీ తెలియలేదు. ఆ పిల్లికి తెలిసింది.”

“అంత చిన్నది ఎలా తెలుస్తుందండీ?” అంది సొరాయ్‌దా.

“చేసినవాడికి తెలుస్తుంది.”

ఫౌస్తో వైపు చూడకుండానే అన్నాడు ఆ మాట. చూసి ఉంటే ఫౌస్తోకి కోపం వచ్చేది, తప్పించుకునేవాడు. చూడకపోవడం వల్ల దారి లేకుండా పోయింది. వీడికి తెలుసు. వచ్చేటప్పటికే తెలుసు. తెలిసీ నా వాటా శాండ్‌విచ్ కూడా తెచ్చాడు అనుకున్నాడు. ఇన్నాళ్ళూ వాడి ఆట మీద పడి ఏడ్చాడు గానీ, ఆ క్షణాన వాడి మంచితనం మీద ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

సొరాయ్‌దాకి ఏదో గుర్తొచ్చింది. అన్నట్టు, ఆట చివర పేర్లలో ఒక తప్పు ఉందండీ, బొమ్మలు అని మీ పేరు, పాట అని మీ చెల్లెలి పేరు, గెంతు అని రాసి పక్కన ఖాళీ వదిలేశారు, దిద్దుకోండి అంది. తప్పు కాదమ్మా అన్నాడు విల్దెర్. ఆ గెంతు చేసినాయన తన పేరు వేయొద్దన్నాడు. ఇంకొకరి పేరు వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

అరవై ఒక్క గంటల్లో ఎన్నిసార్లు దాటేశాడో ఆ ఖాళీని. ఫౌస్తో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అది దొర్లి నేల మీద పడినా వంగి తీయలేదు. ఒప్పుకుంటే ఇకమీదట ఈ బల్ల ముందు మాయెస్త్రో అనేవాడుండడు, పిల్లీ అనే పిలుస్తారు. ఒప్పుకోకపోతే ఆ చోటు అలా ఖాళీగానే ఉండిపోతుంది.

“కొంపాద్రె, ఆ ఖాళీలో ఒంటికన్ను పిల్లి అని రాయి.”

కింది అంతస్తులో ఎవరో కంట్రోలర్ బేరమాడుతున్న గొంతు వినబడింది. తెయోఫిలో నోరు తెరవబోతే సొరాయ్‌దా మోచేత్తో పొడిచింది.

“అసలు పేరే రాస్తాను. కానీ ఆ రివ్యూ మాత్రం తీయకు. అరవై ఒక్క గంటలు ఆడి తిట్టినవాడికంటే మంచి ప్రచారం నాకెక్కడ దొరుకుతుంది?” అన్నాడు విల్దెర్.

మరుసటి వారం ఏడో కొండ మీద కొసరు మళ్ళీ ఆరయింది. ఫౌస్తో మధ్యాహ్నం రేకు తలుపు పూర్తిగా ఎత్తిపెట్టి, అందరూ చూస్తుండగానే ఆడాడు. చివర పేర్లు వచ్చాయి. బటన్ మీద బొటనవేలు ఆనించాడు గానీ నొక్కలేదు. గెంతు పక్కన తన పేరు వచ్చింది, పోయింది. పైన విల్దెర్ పేరు దానికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. అది చూసి, తన ఖర్మ, మళ్ళీ కడుపు మండింది.